ఎడారిలో రాకెట్లు, మన దక్కన్ బాణ్‌లు



సాగర్ రోడ్డు మీద ఎల్బీనగర్ దాటి తుర్కయంజాల్ దాకా వస్తే, పిల్లలో మేనల్లుళ్ళో అమెరికాలో ఉన్న ఖాందాన్లు ప్రతి గల్లీలో రెండు మూడు కనిపిస్తాయి. అక్కడ చదువుకుని ఉద్యోగాల్లో కుదిరిన నౌజవాన్లకు వారాంతంలో ఒక్కొక్కరికి ఒక్కో షౌఖ్. అందులో ఒకటి మన పెద్దలకు వింతగా అనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం కారులో టెంటు, నీళ్ళ క్యాన్లు వేసుకుని నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారికి పోతారు. ఎందుకంటే, సొంతంగా చేసిన రాకెట్ ఎగరేయడానికి!

ఆ ఎడారి ఎప్పుడో ఎండిపోయిన పెద్ద చెరువు అడుగులాంటిది. కనుచూపు మేర చదును. చెట్టు లేదు, ఇల్లు లేదు. అక్కడికి తెచ్చే రాకెట్లు దీపావళి జువ్వల్లాంటివి కావు. మనిషి ఎత్తు, కొన్ని అంతకు రెండింతలు. ఎగరేసే ముందు ఒక సేఫ్టీ ఆఫీసర్ రెక్కలు కదిపి చూస్తాడు, బరువు ఎంత, మోటారు ఏది అని అడుగుతాడు. ఆ మోటార్లు కొనాలంటే మూడు దర్జాల సర్టిఫికెట్లున్నాయి. ఒక్కో దర్జాకు తన రాకెట్‌ను ఎగరేసి, అది చెడిపోకుండా తిరిగి దిగేలా చూపించాలి. ఆకాశం వాడుకోవడానికి విమానయాన శాఖ ఇజాజత్ తీసుకోవాలి. రాకెట్ పైకి పోయాక అందులోని చిన్న కంప్యూటర్ ఎత్తు లెక్కపెట్టి ముందు చిన్న పారాచూట్, నేలకు దగ్గరయ్యాక పెద్ద పారాచూట్ విప్పుతుంది. 2004 మే 17న ఇదే ఎడారి నుంచి ఒక అమెచ్యూర్ టీమ్ పంపిన రాకెట్ దాదాపు 116 కిలోమీటర్లు ఎగిరి అంతరిక్షం అంచు దాటింది. 2019లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు న్యూ మెక్సికో నుంచి ఆ హద్దు దాటారు. అంటే సర్కారూ ఫౌజూ చేసిన పని కాలేజీ పిల్లలు చేశారు.

ఇలాంటి వీడియో ఫ్యామిలీ గ్రూపులో రాగానే దాని కింద ఒక ఫార్వర్డ్ కూడా వస్తుంది: "రాకెట్ కనిపెట్టింది మన టిప్పు సుల్తానే!" చదివి అందరం మాషా అల్లాహ్ అంటాం. ఫఖ్ర్ పడటం మంచిదే. కానీ తారీఖ్ విషయంలో తహ్‌కీక్ చేయకుండా మాట్లాడితే సుల్తాన్ షహీద్‌కు మనం ఇచ్చేది ఇజ్జత్ కాదు. అసలు కథ ఫార్వర్డ్ కంటే పెద్దది. అందులో మన హైదరాబాదుకూ హిస్సా ఉంది, అది మనం చెప్పుకోవడానికి ఇష్టపడని హిస్సా.

రాకెట్ పుట్టింది చైనాలో. 13వ సదీ నాటికే అక్కడి జంగుల్లో ఉంది. బారూద్‌కు ప్రాణమైన సూరేకారాన్ని అరబ్బులు "సల్జుస్సీన్", అంటే చైనా మంచు అన్నారు. ఇరానీలు "నమకె చీనీ", చైనా ఉప్పు అన్నారు. ఎక్కడి నుంచి నేర్చుకున్నారో ఆ పేర్లే గవాహీ ఇస్తున్నాయి, దాచుకోలేదు. అదే సదీలో షామ్ దేశపు హసన్ అల్-రమ్మాహ్ సూరేకారాన్ని ఎలా శుద్ధి చేయాలో, బారూద్ పాళ్ళు ఎలా కలపాలో కితాబు రాసిపెట్టాడు. మన దేశంలో రాకెట్‌కు ఫార్సీ దస్తావేజుల్లో "బాణ్" అని పేరు. ఇళ్ళల్లో "హవాయి" అనేవాళ్ళు. తెలుగువాళ్ళ నోట్లో అదే "అవాయి చువ్వ" అయింది. పెళ్ళి బరాత్‌లో ఎగిరిన హవాయీ, జంగులో ఎగిరిన బాణ్ ఒకే చెట్టు కొమ్మలు.

ఇప్పుడు మైసూరు సంగతి. హైదర్ అలీ పుట్టింది కోలారు దగ్గర బూదికోటలో. కన్నడం, తెలుగు రెండూ వినిపించే సీమ అది. ఆయన తండ్రి ఫతే ముహమ్మద్ ఆర్కాట్ నవాబు ఫౌజులో 50 మంది బాణ్ సిపాయిలకు సర్దార్. అంటే రాకెట్ ఆ ఇంట్లో తరతరాల హునర్. హైదర్ అలీ బేగమ్, టిప్పు తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా కడప ఖిలాదార్ మీర్ ముయీనుద్దీన్ బిడ్డ. అలా చూస్తే సుల్తాన్ అమ్మగారి ఊరు మన రాయలసీమలోదే.

మరి మైసూరువాళ్ళు కొత్తగా చేసిందేమిటి? ఇనుప గొట్టం. ఆ రోజుల్లో యూరప్ రాకెట్ల ఒళ్ళు దళసరి కాగితంతో చేసేవాళ్ళు. బారూద్ గట్టిగా దట్టిస్తే పగిలిపోయేది. మైసూరు కమ్మరులు మెత్తటి ఇనుమును సుత్తెతో సాగగొట్టి గొట్టం చుట్టారు. ఒక వైపు మూత, రెండో వైపు మంట వెళ్ళడానికి సన్నటి దారి. గొట్టం సుమారు జానెడు పొడవు, ఒకటిన్నర నుంచి మూడు అంగుళాల లావు. ఇనుము ఒత్తిడికి ఆగుతుంది కాబట్టి ఎక్కువ బారూద్ పట్టింది, మంట ఇంకా జోరుగా వెనక్కు తన్నింది, బాణ్ ఒక కిలోమీటరు దాకా, కొన్ని అంతకు మించి పోయాయి. తిన్నగా పోవడానికి నాలుగడుగుల వెదురు బొంగు కట్టారు. కొన్నిటికి కత్తులే కట్టారు. గొట్టం లావు ఎంత, దుష్మన్ ఎంత దూరంలో ఉన్నాడు అన్నది చూసి ఏ వాలులో పెట్టాలో సిపాయిలకు తర్బియత్ ఇచ్చారు. ఒకేసారి అయిదు పది బాణ్‌లు వదిలే చక్రాల బండ్లు కూడా ఉన్నాయి. టిప్పు కాలంలో ఒక్కో ఖుషూన్‌లో, అంటే బ్రిగేడ్‌లో 200 మంది బాణ్ సిపాయిలు. బెంగళూరులో వీటిని తయారు చేసిన పేటకు తారామండల్ పేట అని పేరు.

1780 సెప్టెంబర్ 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ దండు చిత్తుగా ఓడింది. ఇంగ్లీషువాళ్ళ బారూద్ బండ్లు పేలిపోయాయి. అవి పేలింది రాకెట్లతోనా, తోపులతోనా అన్నదాంట్లో చరిత్రకారుల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. ఆ జంగ్ తస్వీర్ శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఇప్పటికీ చూడొచ్చు. పిల్లలను తీసుకుపోండి.

ఇక మన హిస్సాకు వద్దాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ వైపు పోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక నల్లరాతి స్తంభం ఉంది. అది ఫ్రెంచి జనరల్ రేమండ్ సమాధి. నిజాం అలీ ఖాన్ ఫౌజుకు యూరప్ పద్ధతిలో తర్బియత్ ఇచ్చినవాడు, హైదరాబాదులో తోపుల కార్ఖానా పెట్టినవాడు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ పేరు అక్కడిదే. ముస్లింలు ఆయనను మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. ఆ పేరు మూసారాంబాగ్‌లో మిగిలింది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో సంధి రాసుకున్నాడు. అక్టోబర్‌లో దాదాపు 14 వేల మంది ఉన్న ఆ ఫ్రెంచి దళం హథియార్లు లాగేసి చెదరగొట్టారు. మరుసటి సంవత్సరమే హైదరాబాదు ఫౌజ్ మీర్ ఆలం వెంట శ్రీరంగపట్నం మీదికి నడిచింది. కంపెనీ తరఫున ఆ దళానికి కమాండర్‌గా పెట్టింది ఆర్థర్ వెల్లెస్లీని. తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అని పేరు పొంది, వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఈయనే.

1799 ఏప్రిల్ 5 రాత్రి. శ్రీరంగపట్నం బయట సుల్తాన్‌పేట తోపు. వెల్లెస్లీ తన పటాలాన్ని చీకట్లో చెట్ల మధ్యకు తీసుకుపోయాడు. మైసూరువాళ్ళు బాణ్‌లు, తుపాకులు ఒకేసారి వదిలారు. పటాలం చెల్లాచెదురైంది. డజను మంది ఖైదు అయ్యారు. వాటర్లూ వీరుడు ఆ రాత్రి దారి తప్పి వెనక్కు తిరిగి వచ్చాడు. మర్నాడు పెద్ద బలగంతో వచ్చి ఆ తోపును పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. టిప్పు ఫౌజుకు ఖాయిదాలు చెప్పే "ఫత్‌హుల్ ముజాహిదీన్" రాసినవాడు జైనుల్ ఆబిదీన్ షూస్తరీ. హైదరాబాదు నుంచి టిప్పు మీదికి దండు తీసుకుపోయిన మీర్ ఆలం కూడా అదే షూస్తరీ ఖాందాన్ వాడు. ఒక ఖాందాన్ కలమూ ఖడ్గమూ ఎదురెదురు సరిహద్దుల్లో నిలబడ్డాయి. "మన సుల్తాన్" అని ఇప్పుడు మనం గర్వంగా అంటున్నాం. ఆనాడు మన ఊరి సిపాయిలు ఆ బాణ్‌లు వచ్చి పడే వైపున ఉన్నారు. 1799 మే 4న సుల్తాన్ షహీద్ అయ్యాడు. ఆ జంగులో నిజాంకు దక్కిన నేల ఎంతకాలం నిలిచింది? 1792లో, 1799లో మైసూరు నుంచి వచ్చిన జిల్లాలన్నీ 1800లో కంపెనీకే రాసిచ్చాడు, కంపెనీ ఫౌజు ఖర్చు కింద. వాటినే మన పెద్దలు దత్తమండలాలు అన్నారు. సుల్తాన్ తల్లి తరఫు కడప కూడా అందులోనే పోయింది. దీన్ని ఇబ్రత్ కోసం చెప్పుకోవాలి, ఎవర్నో తిట్టడానికి కాదు.

కోట పడిపోయాక ఇంగ్లీషువాళ్ళకు 600 లాంచర్లు, పనికొచ్చే 700 రాకెట్లు, ఖాళీ గొట్టాలు 9 వేలు దొరికాయి. కొన్నిటిని లండన్ దగ్గర వూలిచ్ ఆయుధశాలకు పంపారు. అక్కడ విలియం కాంగ్రీవ్ 1804 నుంచి వాటి మీద పని మొదలుపెట్టాడు. ఎంత బారూద్‌కు ఎంత దూరం పోయింది, ఏ పాళ్ళు కలిపితే ఏమైంది, బొంగు ఎంత పొడవుండాలి అని ఒక్కొక్కటీ పరీక్షించాడు, కొలిచాడు, రాశాడు, అచ్చు వేశాడు. 1807లో ఆ రాకెట్లు కోపెన్‌హేగెన్‌ను కాల్చాయి. 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద పడ్డాయి. అమెరికా కౌమీ గీతంలో రాకెట్ల ప్రస్తావన ఆ రాత్రిదే. నెవాడా ఎడారికి పోయే మన పిల్లలు పాడి నిలబడే ఆ గీతంలో మైసూరు కమ్మరి నీడ ఉందని వాళ్ళకు ఎవరైనా చెప్పారా?

ఆ కమ్మరి పేరు మాత్రం మనకు తెలియదు. కాంగ్రీవ్ పేరు తెలుసు, వెల్లెస్లీ పేరు తెలుసు. ఇనుము సాగగొట్టిన చేతుల్లో ఒక్కరి పేరూ ఏ కితాబులోకీ ఎక్కలేదు. తెలంగాణలో కోనసముద్రం కమ్మరుల ఉక్కు ఇరాన్ దాకా పోయి కత్తులైంది, వాళ్ళ పేర్లూ అంతే. మన కారీగర్ల హునర్ ఉస్తాద్ చేతి నుంచి షాగిర్ద్ చేతికి దిగేది, కాగితం మీదికి ఎక్కేది కాదు. దర్బార్ కూలితే పని పోయింది, పని పోతే హునర్ పోయింది. 2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాడుబడ్డ బావిలో పురావస్తు శాఖవాళ్ళకు వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి. రెండు సదీలకు పైగా బురదలో పడి ఉన్నాయి. అవే వూలిచ్‌లో అయితే అద్దాల పెట్టెలో ఉండేవి.

1963లో రామేశ్వరం పడవ యజమాని కొడుకు ఒకరు ట్రైనింగ్ కోసం అమెరికా వెళ్ళారు. వర్జీనియాలో నాసావారి వాలప్స్ కేంద్రంలో గోడ మీద ఒక తస్వీర్ చూశారు. నల్లటి మనుషులు తెల్లవాళ్ళ మీద రాకెట్లు వేస్తున్నారు. అది టిప్పు ఫౌజ్. సొంత దేశంలో మరిచిన సంగతిని అమెరికాలో గోడకు ఎక్కించి పెట్టారని ఏ.పి.జె. అబ్దుల్ కలాం సాహెబ్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయనే 1982లో మన కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. బాలాపూర్, పహాడీ షరీఫ్ వైపున్న ఇమారత్ కంచలో పరిశోధన కేంద్రం కట్టించారు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. 2022 నవంబర్ 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ చేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. దేశంలో ప్రైవేటు కంపెనీ పంపిన మొదటి రాకెట్ అదే. మన తుర్కయంజాల్ పక్కనే ఆదిభట్లలో హెలికాప్టర్ బాడీలు తయారవుతున్నాయి. ఒకప్పుడు శ్రీరంగపట్నం పేటల్లో ఉన్న పని ఇవాళ మన ఇంటి ముంగిట్లోకి వచ్చింది.

అందుకే అమ్మీ అబ్బాలకు నాది ఒకటే గుజారిష్. పిల్లవాడు రాకెట్ గురించి అడిగితే ఫార్వర్డ్ చూపించి సరిపెట్టకండి. బారూద్‌తో ఇంట్లో ఆటలు అసలే వద్దు. అది ప్రాణానికి ఖత్రా, పేలుడు పదార్థాల చట్టం కింద జుర్మ్ కూడా. ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు నీళ్ళు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, ఖాళీ మైదానంలో దూరంగా నిలబడి ఎగరేయమనండి. నీళ్ళు ఎంత పోస్తే ఎంత ఎత్తు పోయిందో నోట్‌బుక్‌లో రాయించండి, తారీఖు వేయించండి, కింద వాడి పేరు రాయించండి. బిడ్డ అయితే బిడ్డ పేరు. "ఇఖ్రా"తో మొదలైన దీన్ మనది, కలమ్‌ను కసమ్‌గా చెప్పిన కితాబు మనది. తారామండల్ పేట ఉస్తాదులకు ఆ నోట్‌బుక్ దొరకలేదు. మన పిల్లలకు పది రూపాయలకు దొరుకుతుంది.

అల్లాహ్ మన ఔలాద్‌కు నఫా ఇచ్చే ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.