టేకాఫ్ అమరిక దోషము

విమానము నేల విడిచే ముందు కాక్‌పిట్‌లో చేయవలసిన అమరికలలో దేనినైనా మరచుటను, లేదా తప్పుగా చేయుటను టేకాఫ్ అమరిక దోషము అంటారు. ఇట్టి దోషము వలన విమానము చాలినంత వేగము లేకుండానే గాలిలోకి లేచి ప్రమాదములో పడవచ్చు.

కారణము

తక్కువ వేగములో రెక్కలు విమానము బరువును మోయుటకు వాటి అంచులనున్న ఫ్లాపులు, స్లాట్లు అను పలకలను ముందే చాచి ఉంచాలి. ఇవి చాచకపోతే ఎగరడానికి మరింత వేగము కావాలి. ఆ వేగము రాకముందే ముక్కు పైకెత్తితే రెక్కల మీద గాలి ప్రవాహము చెదరి, విమానము నిలదొక్కుకోలేదు. దీనిని స్టాల్ అంటారు. బాగా ఎత్తులో ఉన్న విమానము ముక్కు దించి వేగము పుంజుకోగలదు. నేలకు దగ్గరలో ఆ అవకాశము దాదాపు ఉండదు. కంప్యూటరులో బరువును తక్కువగా నమోదు చేసినా టేకాఫ్ వేగము, ఇంజను శక్తి తప్పుగా లెక్కకు వస్తాయి.

ముఖ్య ఘటనలు

- 1974 నవంబరు 20, నైరోబీ: లుఫ్తాన్సా బోయింగ్ 747 రెక్కల ముందు అంచు పలకలు తెరుచుకోకుండానే బయలుదేరి కూలింది. 157 మందిలో 59 మంది మరణించారు. బోయింగ్ 747 చరిత్రలో ఇది మొదటి ప్రాణాంతక ప్రమాదము.
- 1987 ఆగస్టు 16, డెట్రాయిట్: నార్త్‌వెస్ట్ ఎండీ-82 పైలట్లు ఫ్లాపులు చాచలేదు. నేలపై ఉన్న ఇద్దరితో కలిపి 156 మంది మరణించారు. విమానములోని వారిలో నాలుగేళ్ళ బాలిక ఒక్కతే బ్రతికింది.
- 2008 ఆగస్టు 20, మాడ్రిడ్: స్పాన్‌ఎయిర్ ఎండీ-82 ఒకసారి మరమ్మతుకై వెనుదిరిగి, రెండవసారి ఫ్లాపులు లేకుండా బయలుదేరింది. 172 మందిలో 154 మంది మరణించారు.
- 2009 మార్చి 20, మెల్‌బోర్న్: ఎమిరేట్స్ ఎయిర్‌బస్ ఏ340లో 362.9 టన్నులకు బదులు 262.9 టన్నులుగా నమోదైనది. తోక రన్‌వేకు రాసుకున్నా ప్రాణనష్టము జరగలేదు.

భారతదేశములో

2017 జూలైలో కోల్‌కతా నుండి ముంబై బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానములో చక్రాలను లోనికి మడవడము మరచినట్లు పత్రికలు తెలిపాయి. వేగము, ఎత్తు పెరగక, ఇంధనము తరిగి, విమానమును నాగపూర్‌లో దించారు. 2018 అక్టోబరు 12న తిరుచిరాపల్లిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 ప్రహరీ గోడను తాకింది. ఇది అమరిక దోషము కాకపోయినా దానికి దగ్గరి ఘటన: రన్‌వేపై పరుగులో ఇంజను శక్తి తగ్గిన సంగతిని పైలట్లు గుర్తించలేదు. అందులోని 136 మందీ ముంబైలో క్షేమముగా దిగారు.

నివారణ

అమరిక తప్పినప్పుడు టేకాఫ్ పరుగు మొదట్లోనే హెచ్చరిక శబ్దము రావాలి. డెట్రాయిట్, మాడ్రిడ్‌లలో ఆ శబ్దము రాలేదు. కావున యంత్రముపైనే ఆధారపడరాదు. తనిఖీ పట్టికను మధ్యలో ఆపవలసి వస్తే తిరిగి మొదటి నుండి చదవడము, బరువును, వేగములను ఇద్దరు పైలట్లూ విడివిడిగా లెక్కించి సరిచూసుకోవడము ముఖ్యమైన జాగ్రత్తలు.