మత్తు, మతిభ్రమణం: ముస్లిం వైద్యులు, ధర్మవేత్తలు చూపిన మార్గం

మతి చలించినవాడు రోగి, మత్తుకు బానిసైనవాడు పాపి అనే అభిప్రాయం మన సమాజంలో స్థిరపడిపోయింది. మొదటివానిని చూసి జాలిపడతాము, రెండవవానిని చూసి ముఖం త్రిప్పుకుంటాము. కాని ఈ రెండు బాధలూ ఒకే మనిషిని పట్టుకున్నప్పుడు ఏమి చేయాలి? ముందు తాగుడు మాని రమ్మని వైద్యుడూ, ముందు పిచ్చి కుదిర్చి తీసుకురమ్మని మరొకరూ పంపివేస్తే ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలి? ఇది నేడు పుట్టిన ప్రశ్న కాదు. ముస్లిం వైద్యులకూ, ఫిఖ్‌హ్ పండితులకూ ఇది శతాబ్దాల క్రితమే ఎదురైంది.

రెండు వేర్వేరు ద్వారాలు

మానసిక రోగుల పట్ల ఇస్లామీయ నాగరికత చూపిన శ్రద్ధ విదితమే. దమస్కస్‌లో నూరుద్దీన్ జంగీ 1154లో నెలకొల్పిన బీమారిస్తాన్‌లోనూ, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో నిర్మింపజేసిన వైద్యశాలలోనూ వారికి చోటుండేది. ఖర్చులకు వక్ఫ్ ఆస్తుల ఆదాయం వచ్చేది. హలబ్ నగరంలో అర్గూన్ కామిలీ 1354లో కట్టించిన వైద్యశాలలో నీటి కొలనులున్న ముంగిళ్ళ చుట్టూ రోగుల గదులు ఉండేవి. అంతకు చాలా ముందే అబూ జైద్ బల్ఖీ (మరణం 934) దేహానికీ మనస్సుకూ కలిపి ఒకే గ్రంథం రచించి, ఒకదాని బాధ రెండవదానికి సోకుతుందని వివరించాడు.

షరీఅత్ దృష్టిలో కూడా మతిలేనివాడు బాధ్యుడు కాడు. అవివేకుల చేతికి ఆస్తిని అప్పగించవద్దని చెప్పిన దివ్యఖుర్ఆన్ (4:5), అదే వాక్యంలో వారికి అన్నవస్త్రాలు సమకూర్చమనీ, వారితో మంచిగా మాట్లాడమనీ ఆదేశించింది.

మత్తు విషయం వేరు. అది హరామ్. కోరి తాగినవాని విషయాన్ని ధర్మవేత్తలు పిచ్చివాని విషయంతో సమానంగా చూడలేదు. హనఫీ పండితులలో అధికులు, తాగిన మైకంలో చెప్పిన తలాఖ్ సైతం చెల్లుతుందన్నారు. ఈ విధంగా మతి తప్పినవానికి వైద్యశాల ద్వారం, మత్తులో పడ్డవానికి ఖాజీ ద్వారం ఏర్పడ్డాయి.

ఇస్తాంబుల్‌లోని సులైమానియా ప్రాంగణం ఇందుకు తార్కాణం. మిమార్ సినాన్ 1557లో పూర్తిచేసిన ఆ మసీదు సముదాయంలో మదరసాలతో పాటు వైద్యశాల కూడా ఉంది. తరువాతి కాలంలో అక్కడ మానసిక రోగులను ఉంచేవారు. ఆ మదరసాల క్రింది దుకాణాల వరుసకే ‘తిర్యాకీ బజారు’, అనగా నల్లమందు తినేవారి బజారు అని పేరు. 18, 19 శతాబ్దాల యూరపు యాత్రికులు అక్కడి కాఫీ దుకాణాలలో చేరే తిర్యాకీలను వర్ణించారు. ఒకే వీధిలో వ్యసనమూ ఉంది, వైద్యశాలా ఉంది. అయినా రెండూ వేర్వేరు లోకాలు.

రెండింటినీ కలిపి చూచినవారు

ఈ విభజనను దాటి చూచినవారు లేకపోలేదు. 11వ శతాబ్దపు మహా పండితుడు అల్‌బీరూనీ తన ఔషధ గ్రంథంలో నల్లమందు అలవాటును వర్ణించాడు. ఉష్ణదేశాలలో, ప్రత్యేకించి మక్కాలో, కొందరు దిగులును పోగొట్టుకోవటానికీ, ఎండబాధను ఓర్చుకోవటానికీ, గాఢనిద్ర కోసమూ ప్రతిదినం దానిని తీసుకుంటారనీ, కొద్దిమోతాదుతో మొదలుపెట్టి ప్రాణాంతకమైన మోతాదు వరకు పోతారనీ వ్రాశాడు. దిగులు ముందు వచ్చింది, మందు తరువాత వచ్చింది అన్న సత్యం ఇందులో ఉంది.

16వ శతాబ్దపు ఇరాన్ వైద్యుడు ఇమాదుద్దీన్ మహమూద్ షీరాజీ కథ మరింత హృదయ విదారకమైనది. ఆయన ప్రభువు కోపగించి ఒక రాత్రంతా మంచులో నిలబెట్టాడనీ, ప్రాణం దక్కించుకోవటానికి ఆయన నల్లమందు తిన్నాడనీ, ఆ తరువాత జీవితాంతం వణుకు వదలలేదనీ చెబుతారు. నల్లమందుపై ‘అఫ్యూనియా’ అనే ప్రత్యేక గ్రంథం వ్రాసి, ఆ అలవాటును క్రమంగా మాన్పించే పద్ధతులను కూడా అందులో చర్చించినవాడు ఈయనే.

ఒక ఫత్వా

ధర్మవేత్తలలో ఇబ్నె హజర్ మక్కీ (మరణం హిజ్రీ 974) ఇచ్చిన ఫత్వా మిక్కిలి గమనార్హం. నల్లమందుకు అలవాటుపడి, మానితే మరణించే స్థితికి చేరినవాని సంగతేమిటని ఆయనను అడిగారు. ఆ సంగతి నిశ్చయంగా తెలిస్తే, ఆకలితో చావబోతున్నవానికి చచ్చిన జంతువు మాంసం వలె, ప్రాణరక్షణ కోసం అది అతనికి ధర్మసమ్మతమే కాదు, విధి కూడా అని ఆయన బదులిచ్చాడు. అయితే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవటం కూడా అంతే విధి, ఆ ప్రయత్నం విడిచినవాడు పాపాత్ముడు అని స్పష్టం చేశాడు. ఆయన షాఫిఈ పండితుడు. హనఫీ సూత్రాలు దీనికి విరుద్ధం కావన్న రమ్లీ మాటను జతచేసి ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) ఈ ఫత్వాను ‘రద్దుల్ ముహ్తార్’లో ఉదహరించాడు.

ఇక్కడ పాపం అనే మాట తొలగిపోలేదు, దాని స్థానం మారింది. హఠాత్తుగా మానలేకపోవటం పాపం కాదు. చికిత్సకు పూనుకోకపోవటం పాపం.

నేటి వైద్యశాస్త్రం ఈ విషయాన్ని మరింత స్పష్టపరచింది. నల్లమందు మానటం తీవ్రమైన బాధే గాని ప్రాణం తీయటం అరుదు. సారా, నిద్రమాత్రల జాతి మందులు ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా మానితే మాత్రం మూర్ఛలు, మతిభ్రమణం, ఒక్కొక్కప్పుడు మరణం సంభవిస్తాయి. తెలంగాణలో ఇది కళ్ళెదుట జరిగింది. 2015లో కల్తీ కల్లుపై అధికారులు కఠినచర్యలు తీసుకున్నప్పుడు, అందులో కలిపే ఆల్ప్రాజొలామ్, డయాజిపామ్ వంటి మందులు హఠాత్తుగా అందక ఎందరో పేదలు వణుకుతో, మూర్ఛలతో, వింతచేష్టలతో ఆసుపత్రులకు చేరారు. వారిని తాగుబోతులనాలా, పిచ్చివారనాలా? ఆ ఫత్వాలోని సూత్రం వారి విషయంలోనూ వర్తిస్తుంది. అయితే ఆ తగ్గింపు ఇంట్లో గ్లాసులు లెక్కపెట్టి చేసేది కాదు. వైద్యుని పర్యవేక్షణలో, తగిన మందులతో జరగవలసినది.

చేయవలసినది

అమెరికాలో కూడా 1980ల వరకు మానసిక వైద్యమూ, వ్యసన వైద్యమూ వేర్వేరు శాఖలుగా నడిచి, రెండు బాధలూ ఉన్నవారు నడుమ జారిపోయేవారు. అటుపిమ్మట ఒకే వైద్య బృందం రెండింటికీ ఏకకాలంలో చికిత్స చేసే పద్ధతి అభివృద్ధి చెందింది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం ఇందులో ముందు నడిచింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధుల నిర్వచనంలో చేర్చింది. బల్ఖీ, బీరూనీలు చూచిన సంబంధాన్ని శాసనం ఇన్నాళ్ళకు అంగీకరించిందన్నమాట.

ఇక మిగిలింది మన ఇళ్ళూ, మన మొహల్లాలూ. మాటిమాటికీ తాగి శిక్ష పొందుతున్న ఒక వ్యక్తిని ఎవరో శపించగా, దైవప్రవక్త (స) వారించి, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చిన సంఘటన బుఖారీలో ఉంది. శిక్ష విధించిన చోటనే శాపాన్ని నిషేధించారు. మనం తరచుగా చికిత్స మరచి, శాపాన్ని మాత్రం గుర్తుంచుకుంటాము. కుటుంబంలో ఒకరు తాగుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ, నిద్రలేక తిరుగుతుంటే, ఏది ముందు ఏది వెనుక అని వాదులాడుకోక, రెండు సంగతులూ దాచకుండా వైద్యునికి చెప్పి చికిత్స మొదలుపెట్టించటం మన కర్తవ్యం. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. రోగిని వైద్యుని వద్దకు చేర్చే బాధ్యత మాత్రం దాసులదే.