నలుపు తెలుపుల్లో ఎరుపు ఎక్కడ?

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ తీసిన పోలండ్ సైనికాధికారి ఫొటో చేతికొస్తే మన చూపు ముందుగా రొమ్ము మీది పతకాల వరసకే పోతుంది. ఆ వెంటనే రిబ్బన్ల చారలను పట్టిక పక్కన పెట్టి పేర్లు చెప్పాలనిపిస్తుంది. తప్పులు మొదలయ్యేది అక్కడే. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు, అది దాదాపు నలుపుగా పడుతుంది. నీలమేమో వెలిసిపోయి తెల్లబడుతుంది. 1930లో నెలకొల్పిన స్వాతంత్ర్య సిలువ రిబ్బను నల్లనిది, దాని మీద రెండు ఎర్ర చారలుంటాయి. ఆ ఫిల్ము మీద చారలు మాయమై ఒట్టి నల్లగుడ్డ మిగులుతుంది. ‘వీర్తూతి మిలితారి’ రిబ్బను నీలం, అంచులు నలుపు. ఫొటోలో నడుమ తెల్లగా, అంచులు నల్లగా తేలుతుంది. అదే రిబ్బను అన్ని రంగులనూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము మీదైతే మొత్తం ముదురుగా కలిసిపోవచ్చు. అందుకే నలుపు తెలుపు ఫొటోలో రంగును కడపటి సాక్షిగానే పిలవాలని నా వాదన. ముందు అడగాల్సింది ఆకారాన్ని, స్థానాన్ని, తేదీని.

ఆకారం సంగతి చూద్దాం. వీర్తూతి మిలితారి 1792లో రాజు స్తానిస్వాఫ్ ఆగస్ట్ నెలకొల్పిన పతకం. 1919లో దానికి మళ్ళీ ప్రాణం పోసి నిలబెట్టారు. దాని సిలువ చేతుల కొసలకు చిన్న గుండ్లుంటాయి, ఆ చేతుల మీదే పతకం పేరు అక్షరాలు పరుచుకుని ఉంటాయి. 1920 ఆగస్టులో పుట్టిన పరాక్రమ సిలువకు గుండ్లుండవు. చిన్న ఫొటోలో అక్షరాలు అలుక్కుపోయినా ఆ గుండ్లు మాత్రం భూతద్దానికి దొరుకుతాయి. ఇక స్థానం: పతకాలు ఎడమ రొమ్మున, పెద్దది బొత్తాల వైపుగా ఉండాలి. అవి కుడి రొమ్మున కనిపిస్తే నెగెటివును తిరగేసి అచ్చువేశారేమోనని ముందు అనుమానించాలి. కోటు ఏ వైపు నుంచి ఏ వైపుకు మూసుకుందో చూస్తే ఆ అనుమానం తేలిపోతుంది.

తేదీల బలం మరింత గట్టిది. కనిపించే పతకాల్లో అన్నిటికన్నా ఆలస్యంగా పుట్టిందేదో, ఫొటో దానికి ముందుది కాజాలదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని మోంతె కస్సీనో దగ్గర పోరాడిన పోలండ్ సైనికుల కోసం మోంతె కస్సీనో సిలువను 1944 జూలై 26న నెలకొల్పారు. అది రొమ్మున ఉంటే, ఫొటో వెనక ఎవరో 1943 అని రాసినా నమ్మనక్కర్లేదు. మరి లేని పతకం సంగతేమిటని అడగవచ్చు. లేకపోవడం ఏమీ రుజువు చేయదు. పతకాలను అన్ని వేళలా పెట్టుకు తిరగరు కదా. భుజం మీది నక్షత్రాలనూ కాలంతో కలిపే చదవాలి. మూడు నక్షత్రాలంటే 1952కు ముందు కపితాన్ (కెప్టెన్). ఆ ఏటి మార్పు తర్వాత అదే మూడు నక్షత్రాలకు అర్థం పొరుచ్నిక్, అంటే ఒక మెట్టు కింద. టోపీ మీది గద్దకు కిరీటం ఉందా లేదా అన్నది ఇక్కడ అక్కరకొస్తుంది, ఎందుకంటే కమ్యూనిస్టు పోలండ్ సైన్యం ఆ కిరీటాన్ని తీసేసింది.

ఈ పద్ధతికి బలమైన అభ్యంతరమొకటి ఉంది. పతకం పెట్టుకున్నంత మాత్రాన అది అతనికి దక్కిందని ఎలా చెప్పగలం? న్యాయమైన ప్రశ్నే. మోంతె కస్సీనో సిలువలు 48,498. ఒక్కో దానికి ఒక్కో సంఖ్య. కానీ ఆ సంఖ్య చెక్కింది వెనకవైపు, ఫొటోకు అందని వైపు. జేబు మీద మరతో బిగించిన రెజిమెంటు బిళ్ళకూ ఒక హద్దు ఉంది. అతను ఏదో ఒకప్పుడు ఆ రెజిమెంటులో ఉన్నాడని అది సూచిస్తుంది గాని, ఫొటో దిగిన రోజున అక్కడే ఉన్నాడని చెప్పదు. అంతమాత్రాన ఫొటోను పక్కన పడేయనక్కర్లేదు. వెతకాల్సిన చోటును అది ఇరుకు చేస్తుంది. 1923, 1924, 1928, 1932లలో వెలువడిన అధికారుల వార్షిక జాబితాల్లో పేర్లు వేలల్లో ఉన్నాయి. రెజిమెంటు, హోదా, ఒక సిలువ తెలిస్తే ఆ వేలు కొన్ని పుటలకు దిగివస్తాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1940 వసంతంలో కతిన్‌లోనూ మరికొన్ని చోట్లా సోవియట్ పోలీసులు దాదాపు 22,000 మంది పోలండ్ బందీలను కాల్చి చంపారు. వారిలో వేలమంది అధికారులు. 1943లో కతిన్ గోతులు తవ్వినప్పుడు శవాలను గుర్తుపట్టింది జేబుల్లోని కాగితాలతో, ఒంటి మీది యూనిఫాంతో, బిళ్ళలతోనే. అలాంటి మనిషి ఫొటో కింద తప్పు రెజిమెంటు రాస్తే, అతని కోసం వెతికే మనవడు తప్పు జాబితా తెరుస్తాడు. గుండ్లు స్పష్టంగా కనిపిస్తే ‘వీర్తూతి మిలితారి’ అని రాయాలి. రిబ్బను ఒక్కటే కనిపిస్తే ఆ పేరు పక్కన ‘బహుశా’ అని చేర్చాలి.