పిల్లలకి పలనాటి కథ



కోడిపందెం అంటే ఏమిటో మా రావులపాలెం వైపు పిల్లలకి ఎవరూ చెప్పనక్కరలేదు. సంక్రాంతి మూడు రోజులూ అదే గోల! ఆ పందెమే ఒక రాజ్యాన్ని కూల్చిందని చెప్పి చూడండి, ఆటలు మానేసి మీ చుట్టూ చేరతారు.

12వ శతాబ్దం నాటి మాట. పలనాడుని అన్నదమ్ములు పంచుకున్నారు. నలగామరాజుది గురజాల, మలిదేవరాజుది మాచర్ల. నాయకురాలు నాగమ్మతో వేసిన కోడిపందెంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పక్షం ఓడి, ఏడేళ్ళు వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. కారంపూడి దగ్గర యుద్ధం జరిగింది. ఇందులో చరిత్ర కొంత, వీరగాథలు పాడేవారు తరతరాలుగా చేర్చింది కొంత.

బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడంటారు. అదే చాపకూడు. ఆయన కొడుకు బాలచంద్రుడితో వేరు వేరు కులాల పిల్లలు సొంత తమ్ముళ్ళలా పెరిగారు. వాళ్ళలో బ్రాహ్మణుడు అనపోతరాజు. అందరూ కలిసే యుద్ధానికి బయలుదేరారు. కాని అనపోతు చనిపోతే బ్రహ్మహత్యా పాపం చుట్టుకుంటుందని, మరిచిపోయిన వస్తువేదో తెమ్మని బాలచంద్రుడు అతన్ని దారిలోంచి వెనక్కి పంపేశాడు. తిరిగొచ్చిన అనపోతుకి స్నేహితులు కనబడలేదు, ఉత్తరం కనబడింది. ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని గాథ.

మనం బాలచంద్రుడి పౌరుషం, మాంచాల సాగనంపడం చెప్పి ఊరుకుంటాం. పిల్లల్ని నిజంగా ఆలోచనలో పడేసేది అనపోతు కథేనండీ. స్నేహితుణ్ణి కాపాడ్డానికి అబద్ధం ఆడొచ్చా? కలిసి తిన్నవాళ్ళు కష్టం వచ్చేసరికి నీ కులం వేరు అనొచ్చా? అతని మంచికే అయినా, అతన్ని అడగకుండా నిర్ణయించడం న్యాయమా? జవాబు మనం చెప్పెయ్యకూడదు. "నువ్వయితే ఏం చేసేవాడివి నాన్నా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది వినాలి.

ఒక్క జాగ్రత్త. పసివాళ్ళకి అనపోతు చావు చెప్పకండి. పెద్దపిల్లలకి చెప్పినా, అది వీరత్వంగా కాదు, ఒక్క నిజం చెప్పి ఉంటే తప్పిపోయేదన్నట్టు చెప్పండి.

కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో ఆ వీరులకి అయిదు రోజుల ఉత్సవం చేస్తారు. అందులో ఒక రోజు పేరు కోడిపోరు. వీలయితే పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆ ఊళ్ళో నడుస్తూ వాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంట్లో అడిగేవాటికన్నా గట్టిగా ఉంటాయి.