రెండు సాంచలా, నాలుగు సాంచలా? పాటర్సన్ ముచ్చట



పార్సిప్పనీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు సెలవు దొరికితే నయాగరా పోతరు, లేకుంటే న్యూయార్క్ పోయి లిబర్టీ బొమ్మ దగ్గర ఫోటో దిగుతరు. పోయిన శనివారం మనకు తోడు ఎవరూ దొరకలేదు. సరే అని ఒక్కళ్లమే బండి తీసి, ఐ-80 మీద తూర్పు దిక్కు పోయినం. అరగంటల పాటర్సన్ వచ్చింది. అక్కడ పసాయిక్ నది 77 అడుగుల ఎత్తు నుంచి దుంకుతది. నీళ్లు చూద్దామని పోయి, పక్కనున్న పాత మిల్లుల ఇటుక గోడలు చూసుకుంట పొద్దు గడిపినం.

ఈ ఊరు ఆ నీళ్ల కోసమే పుట్టింది. అమెరికా కొత్తగా స్వతంత్రం అయినంక కూడా బట్ట, సామాను ఇంగ్లండ్ నుంచే వచ్చేది. మన దేశంలనే తయారు కావాలని అప్పటి ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పట్టుబట్టి, 1791లో ఒక కంపెనీ పెట్టించాడు. వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసిన లాన్‌ఫాన్ ఇక్కడి కాలువల పని కూడా మొదలుపెట్టాడు. ఆయన ప్లానుకు ఖర్చు చాలా అయ్యేటట్టుందని, తర్వాత పీటర్ కోల్ట్ అనే ఆయనతో తక్కువలో పూర్తి చేయించారు. ఇంజినీరు గీసింది ఒకటి, సైట్ల కట్టింది ఇంకొకటి. ఈ సంగతి మనకు కొత్త కాదు గదా!

ఆ కాలువల పని కట్టుబడి తెలిసినోళ్లు తప్పకుండా చూడాలె. జలపాతం దుంకక ముందే నీళ్లను పక్కకు మళ్లించారు. మూడు మెట్లుగా కాలువలు తీశారు. పై కాలువ నీళ్లు ఒక వరుస మిల్లుల చక్రాలు తిప్పి కింది కాలువల పడితే, అవే నీళ్లు ఇంకో వరుసను తిప్పుతయి. ఆఖరికి నదిలోకే పోతయి. ఒకే నీళ్లతోని మూడుసార్లు పని! ఆ బలంతోని ముందు పత్తి మిల్లులు నడిచినయి. 1836లో శామ్యూల్ కోల్ట్ రివాల్వర్లు ఇక్కడనే మొదలుపెట్టాడు. రైలు ఇంజన్లు తయారైనయి. చివరికి పట్టు వచ్చింది. ఊరికి ‘సిల్క్ సిటీ’ అనే పేరే పడ్డది.

పట్టు నేసిందెవరు? వలస వచ్చినోళ్లు. ఇటలీ నుంచి, పోలండ్ దిక్కు నుంచి, జర్మనీ నుంచి. మన సిరిసిల్ల పద్మశాలీలు సాంచల పనికి భీవండి, షోలాపూర్ పోయినట్టే వాళ్లు ఓడ ఎక్కి వచ్చారు. రోజుకు పది గంటల పని. అద్దకం కార్ఖానాల్లో తడి, ఆవిరి, రంగునీళ్ల నడుమ నిలబడేటోళ్లకు కూలి ఇంకా తక్కువ.

1913 మొదట్ల ఒక మిల్లు యజమాని, ‘ఇప్పటిదాకా ఒక్కరు రెండు సాంచలు చూస్తున్నరు, ఇకనుంచి నాలుగు చూడాలె’ అన్నాడు. నేతగాళ్లకు లెక్క అర్థమైంది. ఒకడు నాలుగు చూస్తే ఇంకొకడు ఇంటికే. ముందు ఆ ఒక్క మిల్లు ఆగింది. ఫిబ్రవరి 25న ఊరంతా సమ్మె. దాదాపు 300 మిల్లులు, 24 వేల పైచిలుకు మంది. ఎనిమిది గంటల పని కావాలన్నరు.

పాటర్సన్ పోలీసులు మీటింగులు జరగనియ్యలేదు. సమ్మె నడిచినన్ని రోజుల్లో 1,800 మందికి పైగా అరెస్టు. అందుకని ఆదివారం ఆదివారం అందరూ పక్క ఊరు హాలెడన్‌కు నడిచిపోయేటోళ్లు. అక్కడి మేయరు సోషలిస్టు, అడ్డం చెప్పలేదు. పియెత్రో బోత్తో, మారియా బోత్తో అనే ఇటలీ నేతగాళ్ల ఇల్లు అక్కడుంది. మీటింగుకు ఆ ఇంటి బాల్కనీనే స్టేజీ. మైకు లేదు, కింద వేల మంది జనం. ఆ ఇల్లు ఇప్పుడు కార్మికుల మ్యూజియం. మనం అక్కడికి కూడా పోయినం. పెద్ద భవనం కాదు, మామూలు ఇల్లు. మిల్లుల పని చేసిన మనుషులు కట్టుకున్న ఇల్లు.

ఏప్రిల్ 17న మిల్లు కాపలాకు పెట్టిన ప్రైవేటు మనుషులు తుపాకులు పేల్చితే, సమ్మెతోని సంబంధం లేని మొదెస్తినో అనే ఆయన తన ఇంటి ముంగట ఉండంగనే తూటా తగిలి చనిపోయాడు. ఇళ్లల్ల తిండికి ఇబ్బంది అయితే పిల్లలను న్యూయార్క్‌లో సాయం చేసేటోళ్ల ఇళ్లకు పంపారు. జూన్ 7న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వెయ్యి మందికి పైగా కార్మికులే తమ సమ్మెను నాటకంగా ఆడారు. జనం బాగా వచ్చారు గానీ ఖర్చులు పోను పైసా మిగల్లేదు.

ఆఖరికి సమ్మె ఓడిపోయింది. ఎందుకంటే పెద్ద యజమానులకు పెన్సిల్వేనియాలో వేరే మిల్లులున్నయి. ఇక్కడ ఆగినా అక్కడ నడిచినయి. జులై వచ్చేసరికి ఒక్కో మిల్లోళ్లు తలవంచుకుని పనికి పోయారు. కానీ పట్టు కార్మికులకు ఎనిమిది గంటల పని 1919లో వచ్చింది. ఓడినోళ్లు అడిగిందే ఆరేండ్లకు అయింది.

ఇగ మన సంగతి. సూపర్‌వైజర్ అంటే పైనోళ్లకు, కింది మనుషులకు నడుమ ఉండేటోడు. ‘ఇద్దరు చేసే పని ఒక్కడితోని కాదా?’ అని పైనుంచి ఎన్నిసార్లు అడిగారో! ‘అయితది సార్’ అని మనం ఎన్నిసార్లు అన్నమో! ఆ మాట అన్నప్పుడు మనం ఆ బాల్కనీ కింద నిలబడ్డ జనంల లేము, నాలుగు సాంచలు చూడుమన్న మనిషి పక్కకు ఉన్నం. వాపసు వచ్చేటప్పుడు బండిల ఇదే గుర్తొచ్చింది. సోమవారం పరంజా మీదికి ఒక్కడిని పంపుమని మాట వస్తే ‘ఇద్దరు కావాలె సార్’ అన్నం. ఆ దినం ఇద్దరు ఎక్కిన్రు.

జలపాతం దగ్గర టికెట్ లేదు. హాలెడన్ మ్యూజియం అన్ని దినాలు తెరవరు, ఫోన్ చేసి పోండి. తోడు దొరకకపోతే ఒక్కళ్లే పోండి.