స్టాండర్డ్ హెరాల్డ్ ముందు చక్రాల కథ

ఆమదాలవలస నుంచి మాట్లాడుతున్నాను. స్ప్రింగు కోసి కారు కిందికి దించేస్తే స్పోర్ట్స్ కారైపోతుందని మా కుర్రాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళ కోసమే ఈ చరిత్ర.

1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అది ఇంటిల్లిపాదీ తిరిగే కారు. కానీ 1962లో ఇంగ్లండులో వచ్చిన స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కి ముందు సస్పెన్షన్ ఆ హెరాల్డ్‌దే.

అందులో కింది విష్‌బోన్ బ్రాకెట్లకీ ఛాసిస్‌కీ మధ్య షిమ్ములుంటాయి, అంటే పల్చటి ఇనప బిళ్ళలు. రెండు బ్రాకెట్ల దగ్గరా ఒక్కో బిళ్ళ పెంచితే చక్రం అడుగు బయటికి జరిగి, పైభాగం లోపలికి వాలుతుంది. అదే నెగెటివ్ కాంబర్. మలుపులో కారు ఒరిగినా టైరు రోడ్డుని నిండుగా పట్టుకుంటుంది. రేసుకి లాభమే.

మరి తిన్నగా పోయే మన రోడ్డు మీద? మోతాదు మించితే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. బయటికి బాగానే కనబడుతుంది. వానలో బ్రేకు వేసినప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

ఆ కారు చేసినవాళ్ళు బిళ్ళ మందంతో కొలిచి సర్దారు. స్ప్రింగు కోస్తే ఆ కొలతే పోతుంది. కాంబర్ మారితే టో కూడా మళ్ళీ సెట్ చేయించాలి. ఇప్పటికే దించేసినవాళ్ళు ఓసారి టార్చి వేసి టైరు లోపలివైపు చూడండి.