మానేసినవాళ్ళ జాబితా

పోయిన వారం క్లాసులో మార్కెట్ రీసెర్చ్ పాఠం మొదలుపెట్టాను. ఇక్కడ జిజాన్‌లో నేను పాఠం చెప్పేది బిజినెస్ చదివే సౌదీ కుర్రాళ్ళకి. "ఒక అచ్చు పత్రిక అమ్మకాలు పడిపోతున్నాయి. ఎందుకో కనుక్కోవాలి, ప్రశ్నావళి తయారుచెయ్యండి" అన్నాను. అరగంటలో అందరూ ఫోన్లలోనే తయారుచేసేశారు. దాదాపు అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "మా పత్రిక మీకు నచ్చుతోందా?"

నవ్వొచ్చింది. వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది. ఆ ప్రశ్నే పట్టుకుని ఒకప్పుడు విజయవాడ వీధుల్లో నేనూ తిరిగాను మరి.

1996 వేసవి. డిగ్రీ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఒక వారపత్రిక (పేరు వద్దులెండి) సర్కులేషన్ పడిపోతోందని సర్వే చేయిస్తోంది. ఫారానికి ఇంత అని డబ్బులు. నేనూ, నా స్నేహితుడూ ఒక సైకిల్, రెండు అట్టలు, చందాదారుల జాబితా తీసుకుని సత్యనారాయణపురం నుంచి మొదలుపెట్టాం. తలుపు తీసిన ప్రతి ఇంట్లోనూ మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. సీరియల్స్ బాగున్నాయన్నారు, కాగితం నాసిగా ఉందన్నారు, వంటల పేజీ పెంచమన్నారు. అన్నీ రాసుకున్నాం. మేం వెళ్ళిన వాళ్ళందరూ పత్రిక ఇంకా తెప్పించుకుంటున్నవాళ్ళే అన్న సంగతి మాకు తట్టలేదు. మమ్మల్ని పంపినవాళ్ళకీ తట్టినట్టు లేదు.

ఇలాంటి పొరపాటులో చరిత్రకెక్కింది కూడా ఒక వారపత్రికే. అమెరికాలో లిటరరీ డైజెస్ట్ 1936 అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి పైగా కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. కార్డులు పంపడానికి చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నారు. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరో చెప్పక్కర్లేదు. ఈ కారణం అందరూ చెబుతారు. అంతకంటే పెద్ద కారణం జవాబు రాయనివాళ్ళని నాకనిపిస్తుంది. కార్డు అందినవాళ్ళలో ముప్పాతిక మంది దాన్ని పక్కన పడేశారు. వాళ్ళేమనుకున్నారో డైజెస్ట్‌కి తెలియలేదు. 1938లో ఆ పత్రికే లేకుండా పోయింది.

ఈ శాస్త్రం పుట్టింది కూడా పత్రికాఫీసులోనే. శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ నడిపే కర్టిస్ కంపెనీ 1911లో చార్లెస్ కూలిడ్జ్ పార్లిన్ అనే స్కూలు ప్రిన్సిపాల్‌ని తెచ్చి పరిశోధన పని అప్పగించింది. ఆయన గురించి ఒక కథ చెబుతారు. క్యాంప్‌బెల్ సూప్ వాళ్ళు ఆ పత్రికకి ప్రకటనలు ఇవ్వమన్నారట. మా డబ్బా సూపు కొనేది డబ్బున్నవాళ్ళు, మీ పాఠకులు కూలినాలి జనం అని. పార్లిన్ వాదన పెట్టుకోలేదు, ప్రశ్నావళీ వెయ్యలేదు. ఫిలడెల్ఫియాలో పేటలవారీగా చెత్త ఎత్తించి చూశాడు. డబ్బాలన్నీ కార్మికుల పేటల చెత్తలో ఉన్నాయి. డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో వంటమనుషులే సూపు కాచేవారు. కథలో ఎంత నిజమో గానీ, క్లాసులో చెబితే నిద్రపోతున్నవాడు కూడా లేస్తాడు.

విచిత్రమేమిటంటే, ఇంత పరిశోధన చేసిన కంపెనీ సొంత పత్రికకి చివర్లో కొనేవాళ్ళు తక్కువై కష్టం రాలేదు. 1968లో పోస్ట్‌కి అరవై లక్షల పైన చందాదారులున్నారు. ప్రకటనలు టీవీకి వెళ్ళిపోయాయి. అన్ని కాపీలు అచ్చేసి పంపడమే భారమై, చందాదారుల్లో సగం మందికి పైగా కంపెనీయే వదిలించుకుంది. 1969 ఫిబ్రవరిలో పత్రిక ఆగిపోయింది. అమ్మకాల లెక్క ఒక్కటే చూస్తే ఇది అర్థమవదు.

మన దేశంలో కాపీలు లెక్కపెట్టే ఆడిట్ బ్యూరో 1948లో వచ్చింది. పాఠకుల్ని లెక్కపెట్టే జాతీయ సర్వే 1970లో మొదలైంది. కాపీ వేరు, పాఠకుడు వేరు అన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. ఒక వీక్లీ ఇంట్లోకి వస్తే పక్కింటికి, పక్కింటి నుంచి వెనకింటికి వెళ్ళి, అట్ట ఊడి తిరిగొచ్చేది. ఈ రెండు లెక్కలూ ఎంత దూరం పోగలవో 2014 జనవరిలో వచ్చిన ఇండియన్ రీడర్‌షిప్ సర్వే చూపించింది. అరవై వేల పైన కాపీలు అమ్ముడయ్యే హితవాదకి సొంత ఊరు నాగపూర్‌లో ఒక్క పాఠకుడూ లేడని తేలిందట! పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి, సర్వేని మళ్ళీ తనిఖీ చేయించాల్సి వచ్చింది. ఆ వార్త ఇక్కడ కూర్చుని చదివినప్పుడు మా సైకిలూ అట్టలూ గుర్తొచ్చాయి.

ఎందుకంటే మా సర్వే చివరి రోజు రోహిణి ఎండ. మిగిలిన ఇరవై ఫారాలు ఒక టీ బంకు పక్కన చెట్టు కింద కూర్చుని మేమే నింపేశాం. రెండు పెన్నులు మార్చి మార్చి. "వంటల పేజీ పెంచాలి" అని పది ఫారాల్లోనైనా రాసుంటాను. కొన్నాళ్ళకి వంటల పేజీలు నిజంగానే పెరిగాయి. పత్రిక తర్వాత ఎక్కువకాలం నడవలేదు. మా ఇరవై ఫారాల వల్లే మూతపడిందనుకునేంత గొప్ప నాకు లేదు కానీ, ఆ పని చేసినందుకు ఇప్పటికీ గిల్టీగానే ఉంటుంది.

అసలు జవాబు మాకు రెండుసార్లు దొరికింది, ఫారంలో గడి లేక రాసుకోలేదు. మొదటిది అద్దె పుస్తకాల షాపాయన చెప్పాడు: "ఇదివరకు ప్రతి వీక్లీ అయిదేసి కాపీలు తెచ్చినా చాలేవి కావు బాబూ. ఇప్పుడు ఒక్కటి తెస్తే బల్ల మీదే ఉంటోంది. సాయంత్రం షాపుకి వచ్చే ఆడవాళ్ళే రావట్లేదు." జెమినీ, ఈటీవీ వచ్చి అప్పటికి ఏడాది. ఆయన చందాదారు కాదు, అందుకని జాబితాలో లేడు.

రెండోది మా అమ్మ. సీరియల్ పేజీలు వారంవారం చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచేది. అలా కుట్టిన నవలలు ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఆ ఏడాది కుట్టిన కట్ట సగంలో ఆగిపోయింది. నేను రోజూ రాత్రి అన్నం తింటూ సర్వే కబుర్లు చెబుతుంటే, ఆవిడ టీవీ ముందు కూర్చుని ఊఁ కొట్టేది. వీక్లీ ఎందుకు మానేశావమ్మా అని నేనొక్కసారీ అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత అడిగితే, "మానెయ్యడమేమిట్రా, ఆ వారం పేపరబ్బాయి వెయ్యలేదు, నేనూ అడగలేదు" అంది.

ఇదంతా క్లాసులో చెప్పలేదు. పార్లిన్ చెత్త కథ మాత్రం చెప్పి, ప్రశ్నావళి పక్కన పెట్టి ఏదైనా బకాలాకి వెళ్ళి సాయంత్రందాకా మిగిలిన పేపర్లు చూసి రమ్మన్నాను. మా వీధి బకాలా మలయాళీది. నేనొచ్చిన కొత్తలో జెడ్డాలో అచ్చయ్యే మలయాళం న్యూస్, ఉర్దూ న్యూస్ గుమ్మం దగ్గరే కనబడేవి. నాకు మలయాళం రాకపోయినా కొనేవాణ్ణి. గదిలో నలుగురం కింద కూర్చుని తినేటప్పుడు పరుచుకోవడానికి. అరబీ పేపరు అలా వాడం, అందులో దేవుడి పేరుంటుంది. అంటే ఆ రోజుల్లో ఎవరైనా సర్వేకి వస్తే నేను మలయాళం పత్రిక కొనే తెలుగువాణ్ణి! నచ్చుతోందా అని అడిగితే, బాగా నచ్చుతోందనే చెప్పేవాణ్ణి.

ఆదివారం కుర్రాళ్ళు తాము చూసింది రాసుకుని తెస్తారు. చెట్టు కింద కూర్చుని రాసినవేవో నేను పట్టుకోగలననే అనుకుంటున్నాను.